కడుపుతో ఉన్నామెతో మందు (ఆల్కహాల్) అలవాటు గురించి ఎలా మాట్లాడాలి: సలహా ఇచ్చేవాళ్ళ కోసం

నేను కొత్తగా ప్రెగ్నెన్సీ చెకప్ గదిలో పని మొదలుపెట్టిన రోజుల్లో ఒకావిడ వచ్చింది, మూడో నెల, పక్కన భర్త, వెనకాల అత్తగారు. నేను తలెత్తకుండా ఫారం చూసి వరసగా చదువుకుంటూ పోతున్నా, షుగర్ ఉందా, థైరాయిడ్ ఉందా, సిగరెట్ తాగుతారా, మందు అలవాటుందా. మందు దగ్గర ఆవిడ ఒక్క క్షణం ఆగి "లేదండీ" అంది. ఆ ఆగడం నాకు తెలిసింది, అయినా టిక్ కొట్టేసి కింది ప్రశ్నకి వెళ్ళిపోయా. తర్వాత విజిట్‌లో ఒంటరిగా దొరికినప్పుడు తనే చెప్పింది, నెల తప్పిందని తెలియక ముందు రెండు ఫంక్షన్లలో బాగా తాగాను మేడమ్, అప్పట్నుంచి నిద్ర పట్టట్లేదు అని. నేను నోరు జారాను. "అయ్యో, మొదట్లోనే కదమ్మా అవయవాలన్నీ తయారయ్యేది" అనేశా. ఆవిడ ఫైలు సర్దుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ మా దగ్గరికి రాలేదు.

నేనన్న మాట అబద్ధమేం కాదు. కానీ దానివల్ల ఆవిడకి ఏం ఒరిగింది? బీపీ చూసేవాళ్ళు లేకుండా పోయారు, స్కానింగ్ ఎక్కడ తీయించుకుందో తెలీదు. అప్పట్నుంచి నేను ప్రతి సలహాకీ ఒకటే పరీక్ష పెట్టుకున్నా, ఈ మాట విన్నాక ఈవిడ వచ్చే నెల మళ్ళీ నా ముందు కూర్చుంటుందా లేదా. కింద రాసేదంతా డాక్టర్లకి, నర్సులకి, కౌన్సెలర్లకి, ఇంట్లో పెద్దరికం చేసేవాళ్ళకి కూడా.

ముందు మీకు తెలిసిందేంటో సరిచూసుకోండి

తల్లి తాగిన మందు మాయ దాటి బిడ్డ రక్తంలోకి వెళ్తుంది, తల్లి రక్తంలో ఎంత ఉంటే బిడ్డలోనూ దాదాపు అంతే ఉంటుంది. బిడ్డ లివర్ ఇంకా తయారవుతూ ఉంటుంది కాబట్టి దాన్ని అరగదీసే శక్తి తక్కువ, పైగా ఉమ్మనీరులో కొంత నిలబడి బిడ్డ దాంట్లోనే ఉండిపోతుంది. ఎక్కువగా తాగే తల్లుల పిల్లల్లో ఒకే రకం మార్పులు కనిపిస్తున్నాయని ఫ్రాన్స్‌లో పాల్ లెమ్వాన్ అనే డాక్టర్ 1968లో 127 మంది పిల్లల్ని చూసి రాశాడు, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1973లో అమెరికాలో కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ దానికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టాకే లోకం కదిలింది. కళ్ళ చీలిక చిన్నగా ఉండటం, ముక్కుకీ పెదవికీ మధ్య గాడి లేకుండా నున్నగా ఉండటం, పై పెదవి పల్చగా ఉండటం, ఇవి ముఖంలో కనిపించే గుర్తులు, మొదటి మూడు నెలల్లో పడతాయి. మెదడు మాత్రం తొమ్మిది నెలలూ పెరుగుతూనే ఉంటుంది కాబట్టి ముఖం మామూలుగా ఉన్నా చదువు, జ్ఞాపకం, కోపం ఆపుకోవడం లాంటి వాటిలో దెబ్బ తగలొచ్చు, ఈ మొత్తాన్ని కలిపి ఎఫ్ఏఎస్‌డీ (ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్) అంటారు.

ఇంకో సంగతి నేను కొత్తవాళ్ళకి ట్రైనింగ్‌లో తప్పకుండా చెప్తా. 1960ల చివర్లో, 70ల్లో నెలలు నిండకుండా నొప్పులొస్తే ఆపడానికి డాక్టర్లే తల్లులకి రక్తనాళంలోకి ఆల్కహాల్ డ్రిప్ పెట్టేవాళ్ళు. ప్రతిష్ఠ ఉన్న పెద్ద ఆస్పత్రుల్లోనే పెట్టేవాళ్ళు. కాబట్టి తెలియక తాగినామె మీద వేలెత్తి చూపించే ముందు మన వృత్తి కూడా అదే తెలియనితనంలో ఏం చేసిందో గుర్తుంటే గొంతు దానంతట అదే తగ్గుతుంది.

ఇక అసలు చిక్కు ఇక్కడుంది. ఎక్కువ తాగితే, ఒక్కసారే బోలెడు తాగితే హాని అన్నది ఖాయం. మరి కొంచెమే తాగితే? 2017లో బ్రిటన్ పరిశోధకులు వారానికి 32 గ్రాముల ఆల్కహాల్ దాకా తాగిన వాళ్ళ మీద జరిగిన స్టడీలన్నీ ఏరితే సరైనవి 26 దొరికాయి, వాటిలో బిడ్డ కొంచెం చిన్నగా పుట్టే అవకాశం స్వల్పంగా పెరిగినట్టు కనిపించింది, మిగతా విషయాల్లో ఔననీ కాదనీ తేల్చేంత సమాచారమే లేదు. అంటే సేఫ్ అని రుజువు కాలేదు, అంత తక్కువకి పెద్ద హాని అనీ రుజువు కాలేదు. బ్రిటన్‌లో అంతకు ముందు "తాగకపోవడమే మంచిది, తాగితే వారానికి ఒకటి రెండు సార్లు, ఒకటి రెండు యూనిట్లు మించొద్దు" (అక్కడ యూనిట్ అంటే 8 గ్రాముల ఆల్కహాల్) అని చెప్పేవాళ్ళు, 2016లో మార్చి "అసలు తాగకపోవడమే సురక్షితం" అన్నారు, ముందు జాగ్రత్త అని వాళ్ళే ఒప్పుకున్నారు కూడా.

ఇప్పుడు రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడండి. "ఎంత తాగితే ఏం కాదో ఎవరికీ తెలీదు, అందుకే ఈ తొమ్మిది నెలలు అసలు ముట్టొద్దంటున్నాం." రెండోది, "ఒక్క చుక్క పడినా బిడ్డ పాడైపోతుంది." రెండూ చివరికి మానేయమనే చెప్తున్నాయి, కానీ మొదటిది నిజం, రెండోది భయపెట్టి పని జరిపించుకోవడం. మంచికే కదా ఒక అబద్ధం ఆడితే ఏం అంటారు చాలామంది, నేను ఒప్పుకోను. ఎందుకంటే ఆమెకి ఒక అక్క ఉంటుంది, ఆ అక్క కడుపుతో ఉన్నప్పుడు అప్పుడప్పుడు వైన్ తాగి ఉంటుంది, పిల్లాడు చక్కగా ఆడుకుంటుంటాడు. మీ మాట అబద్ధమని అక్కడే తేలిపోతుంది, ఆ తర్వాత మీరు బీపీ గురించి చెప్పినా, బిడ్డ కదలికలు లెక్కపెట్టమన్నా నమ్మదు.

లెక్కలు చెప్పేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. ప్రపంచం మొత్తం మీద ప్రెగ్నెన్సీలో తాగిన ప్రతి 67 మందిలో ఒకరికి పూర్తి సిండ్రోమ్‌తో బిడ్డ పుడుతున్నట్టు 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో అంచనా వేశారు. ఆ 67 మందిలో రోజూ బాటిల్ ఖాళీ చేసేవాళ్ళూ ఉన్నారు, ఒక్క గ్లాసు తాగినవాళ్ళూ ఉన్నారు, కాబట్టి ఒక్క గ్లాసు తాగి భయంతో వచ్చినామెకి ఆ అంకె ఉన్నదున్నట్టు చెప్తే మోసం చేసినట్టే. పైగా అది పూర్తి సిండ్రోమ్ లెక్క మాత్రమే, ఎఫ్ఏఎస్‌డీ మొత్తం కలిపితే ఇంకా ఎక్కువ మంది ఉంటారు, అది దాచినా తప్పే.

అడగడం ఎలా

అందర్నీ అడగండి. ఈవిడ చదువుకుంది, ఈవిడ భక్తిపరురాలు, ఈవిడని చూస్తే తాగేదానిలా ఉంది, ఇలా మొహం చూసి ప్రశ్న వెయ్యాలో వద్దో నిర్ణయించుకోవడమే అన్యాయానికి మొదలు. ఫ్లోరిడాలోని ఒక కౌంటీలో కడుపుతో ఉన్నవాళ్ళ యూరిన్ టెస్టులు చూస్తే మందు, డ్రగ్స్ వాడకం తెల్లవాళ్ళలోనూ నల్లవాళ్ళలోనూ దాదాపు ఒకేలా ఉంది, కానీ అధికారులకి రిపోర్ట్ అయ్యే అవకాశం మాత్రం నల్లజాతి స్త్రీలకి దాదాపు పదింతలు, ఇది 1990లో బయటికొచ్చింది. డబ్ల్యూహెచ్‌ఓ 2014లో ఇచ్చిన గైడ్‌లైన్ అయితే ప్రతి ఒక్కరినీ, వీలైనంత తొందరగా, ప్రతి విజిట్‌లోనూ అడగమంటుంది. అందర్నీ అడిగితే ఎవరికీ అవమానం ఉండదు.

ఒంటరిగా అడగండి. "మీరు కాస్త బయట కూర్చోండి, ప్రతి పేషెంట్‌నీ ఐదు నిమిషాలు ఒక్కదాన్నే చూడటం మా పద్ధతి" అంటే అత్తగారు కూడా నొచ్చుకోరు. తలుపు వేసి పెన్ను కింద పెట్టండి, నిజంగా కింద పెట్టండి, పెన్ను కదులుతుంటే మనిషి నోరు మూసుకుంటుంది, నేను ఎన్నోసార్లు చూశా. తర్వాత పర్మిషన్ అడగండి, "మందు గురించి నాలుగు ప్రశ్నలున్నాయి, అందర్నీ అడిగేవే, అడగొచ్చా అమ్మా?" "మీరు తాగరు కదా" అని మాత్రం అడగొద్దు, అది ప్రశ్న కాదు, సమాధానం మీరే ఆమె నోట్లో పెట్టడం.

"నెల తప్పక ముందు ఎలా ఉండేది" దగ్గర మొదలుపెడితే సులువుగా చెప్తారు, అక్కణ్ణుంచి "తెలిసిన తర్వాత?" అని రావొచ్చు. ఆడిట్-సీ అని మూడు ప్రశ్నల పద్ధతి ఉంది, ఎన్నాళ్ళకోసారి, తాగితే ఎంత, ఒక్కసారే చాలా తాగేది ఎన్నాళ్ళకోసారి. టీ-ఏస్ అని గర్భిణుల కోసమే తయారుచేసింది ఇంకోటి, అందులో "మత్తెక్కాలంటే మీకు ఎన్ని డ్రింకులు కావాలి" అని అడుగుతారు, రోజుకెంత అని సూటిగా అడిగితే తగ్గించి చెప్పేవాళ్ళు కూడా దీనికి ఉన్నమాట చెప్పేస్తారు.

గ్లాసు లెక్క మాత్రం మీరే వెయ్యండి, "ఒక డ్రింక్" అంటే ఒక్కొక్కరికి ఒక్కో సైజు, చివరికి దేశాలకి కూడా, బ్రిటన్ యూనిట్ 8 గ్రాములు, అమెరికా స్టాండర్డ్ డ్రింక్ 14 గ్రాములు. 5 శాతం బీరు 330 ఎంఎల్‌లో దాదాపు 13 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, 12 శాతం వైన్ 150 ఎంఎల్‌లో 14, 40 శాతం ఉన్న విస్కీయో వోడ్కానో 60 ఎంఎల్ పోస్తే 19 దాకా. బీరు తేలిక, వైన్ ఆరోగ్యానికి మంచిది లాంటి నమ్మకాలు ఈ లెక్క చూపిస్తే వాదన లేకుండా పోతాయి.

తెలియక ముందు తాగేశానని ఏడ్చినామెకి ఏం చెప్పాలి

నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఈ కేసే. ప్రపంచంలో ప్రెగ్నెన్సీల్లో దాదాపు సగం అనుకోకుండా వచ్చినవే, నెల తప్పిందని తేలేసరికి నాలుగైదు వారాలు అయిపోతాయి, ఈలోపు తాగి ఉండటం వింతేమీ కాదు. ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. "ఏం కాదులే పో" అనేయడం ఒకటి, నాలా "అయ్యో" అనడం రెండోది. భయం పెద్దదైపోయి కావాలనుకున్న ప్రెగ్నెన్సీని కూడా తీయించేసుకుందామా అని ఆలోచించేవాళ్ళు ఉంటారు, అది మనం అన్న ఒక్క ముక్క వల్ల జరగకూడదు.

ఇప్పుడు నేను ఇలా చెప్తున్నా: "మీరు చెప్పినందుకు మంచి పని చేశారు. జరిగినదాని వల్ల ఏమైనా ఉంటుందా ఉండదా అని నేను గ్యారంటీ ఇవ్వలేను, ఎవరూ ఇవ్వలేరు, కానీ మీరు చెప్పినంతలో చాలామందికి బిడ్డ బాగానే పుడుతుంది. మీ చేతిలో ఉన్నది ఇవాళ్టి నుంచి, మెదడు చివరి దాకా పెరుగుతూనే ఉంటుంది కాబట్టి ఏ నెలలో ఆపినా బిడ్డకి లాభమే." ఈ "మీరు చెప్పినంతలో" అన్న మాట ముఖ్యం, రెండు గ్లాసులు తాగినామెకీ వారాల తరబడి ఫుల్లుగా తాగినామెకీ ఒకే ఓదార్పు పంచకూడదు, రెండో ఆమెకి రిస్కు ఎక్కువే అని మెల్లగా చెప్పి, బిడ్డ పుట్టాక పిల్లల డాక్టర్‌తో ఎదుగుదల చూపించుకుందాం అని దారి చూపించాలి. స్కానింగ్‌లో అన్నీ నార్మల్ వస్తే ఇక భయం లేదు అని కూడా అనొద్దు, ఎఫ్ఏఎస్‌డీలో ఎక్కువ భాగం స్కానింగ్‌కి కనపడదు.

"ఇవాళే మానెయ్" అనడం ప్రమాదమైన చోటు

ఒకావిడ పొద్దున్నే పది గంటలకి వచ్చింది, చేతులు బ్యాగ్ కింద దాచుకుని కూర్చుంది, సంతకం పెట్టమంటే పెన్ను వణికింది, నుదుటి మీద చెమట. అడిగితే రాత్రి నుంచి తాగలేదు, మీకోసం మానేద్దామని, అంది. ఆ "మీకోసం" విన్నాక నాకు కాళ్ళు ఆడలేదు.

రోజూ ఎక్కువగా తాగి శరీరం దానికి అలవాటుపడినవాళ్ళు ఒక్కసారిగా ఆపితే ఆరేడు గంటల్లో వణుకు మొదలవుతుంది, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు, రెండు మూడు రోజులకి మతి తప్పి ప్రాణం మీదికి రావొచ్చు, తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ. ఇలాంటివాళ్ళకి "బిడ్డ మీద ప్రేముంటే ఇవాళే ఆపు" అని చెప్పి ఇంటికి పంపడం సలహా కాదు, హాని. పొద్దున లేవగానే తాగాలనిపిస్తుందా, తాగకపోతే వణుకొస్తుందా, ఇంతకుముందు ఆపితే ఫిట్స్ వచ్చాయా, ఈ మూడూ అడగండి. ఒక్కదానికి అవునన్నా సొంతంగా ఆపొద్దని చెప్పి అదే రోజు ఆస్పత్రిలో అడ్మిట్ చేయించే ఏర్పాటు చూడండి, డబ్ల్యూహెచ్‌ఓ కూడా ఇలాంటివాళ్ళకి ఆస్పత్రిలోనే ఆపించమంటుంది. మంచం దొరక్కపోతే దొరికేదాకా ఫోన్ పట్టుకుని మీరే కూర్చోండి, చీటీ రాసిచ్చి చేతులు దులుపుకోవద్దు.

రహస్యం, రికార్డు, చట్టం

ఆమె చెప్పింది ఎక్కడెక్కడికి వెళ్తుందో అడగకముందే చెప్పాలి, విన్నాక "ఇది నేను పైకి చెప్పాలి" అంటే అది వల వేసి పట్టుకున్నట్టే. కొన్ని చోట్ల చట్టాలు కఠినం. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో అదుపు లేకుండా మందు వాడే గర్భిణిని నిర్బంధించే వీలు 1990ల చివర్లో చట్టంలోకి తెచ్చారు, నార్వేలో కూడా మత్తుకు బానిసైన గర్భిణిని ఆమె ఇష్టం లేకుండా ఆస్పత్రిలో ఉంచే అధికారం ఉంది. ఇంగ్లండ్‌లో 2014లో అప్పీల్ కోర్టు దానికి వేరే వైపు నిలబడింది, కడుపులో ఉన్న బిడ్డ చట్టం దృష్టిలో ఇంకా వ్యక్తి కాదు కాబట్టి తల్లి తాగడం నేరం కిందికి రాదంది. కాబట్టి మీరు పనిచేసే చోట చట్టం ఏమంటుందో ముందు చదువుకోండి. శిక్ష పెడితే తాగడం తగ్గుతుందని అనుకుంటారు గానీ అమెరికా రాష్ట్రాల నాలుగు దశాబ్దాల లెక్కలు చూసినవాళ్ళకి శిక్షించే విధానాలున్న చోట తక్కువ బరువుతో పుట్టే పిల్లలు, చెకప్‌లకి రాని తల్లులు పెరిగినట్టు కనిపించింది. భయపడి ఆస్పత్రి గడప తొక్కకపోతే ఇంకేం అవుతుంది మరి.

టెస్టు సంగతి. రక్తంలో, వెంట్రుకల్లో, బిడ్డ మొదటి మలంలో మందు ఆనవాళ్ళు చూసే టెస్టులున్నాయి. ఆమెకి చెప్పకుండా చెయ్యొద్దు, వేరే పరీక్షకి తీసిన రక్తంలోంచి అసలే వద్దు. 2001లో అమెరికా సుప్రీంకోర్టు ఫెర్గూసన్ కేసులో, పోలీసులకి ఇవ్వడం కోసం గర్భిణుల సమ్మతి లేకుండా డ్రగ్ టెస్టు చెయ్యడం రాజ్యాంగ విరుద్ధమంది. టెస్టు తప్పే చెప్పదు అని కూడా నమ్మొద్దు, టొరంటోలో మదరిస్క్ ల్యాబ్ 2005 నుంచి 2015 దాకా చేసిన వెంట్రుకల పరీక్షలు కోర్టుల్లో వాడటానికి పనికిరానివని స్వతంత్ర విచారణ తేల్చింది, ఈలోపు వాటిని పిల్లల సంరక్షణ కేసుల్లో తల్లుల మీద సాక్ష్యంగా వాడేశారు. ఇది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

రికార్డులో ఏం రాయాలన్నది ఇంకా తేలని గొడవే. బిడ్డకి ముందు ముందు సమస్య వస్తే కడుపులో ఉన్నప్పుడు మందు తగిలిందన్న సమాచారం డయాగ్నోసిస్‌కి నిజంగా పనికొస్తుంది, అది లేక చాలామంది పిల్లలు ఏళ్ళ తరబడి మొండివాళ్ళు అనిపించుకుంటారు. కానీ అది తల్లి ఆరోగ్య రహస్యం కూడా. బ్రిటన్‌లో వైద్య గైడ్‌లైన్లు ఇచ్చే నైస్ అనే సంస్థ 2020లో తల్లి తాగినదంతా రాసి బిడ్డ రికార్డులోకి పంపాలని డ్రాఫ్ట్ తెచ్చింది, సమ్మతి ఏదని గట్టిగా అభ్యంతరాలొచ్చాయి, 2022లో ఫైనల్‌గా ఇచ్చినదాంట్లో ఆ ముక్క తీసేశారు. నా పద్ధతి ఇది, తల్లి ఫైలులో సంఖ్యలు రాస్తా, తీర్పులు రాయను, రాసింది ఆమెకి చదివి వినిపిస్తా, బిడ్డ ఫైలులోకి వెళ్ళాలంటే ఎందుకో చెప్పి ఆమెనే అడుగుతా, చాలామంది సరేనంటారు. ఇంట్లోవాళ్ళకి మాత్రం అరమాట కూడా వద్దు, నోట్లో నువ్వుగింజ నానని మనిషైతే ఈ పనిలో ఉండకూడదు.

మానను అంటే

అనొచ్చు, శరీరం ఆమెది, నిర్ణయం ఆమెది, మనం చెప్పగలం అంతే. అక్కడ కోపగించుకుని కేసు మూసేస్తే ఇద్దర్నీ వదిలేసినట్టే. ఎందుకు తాగుతుందో వినండి, ఇంట్లో కొట్టే మనిషి ఉన్నాడేమో, నిద్ర లేదేమో, డిప్రెషన్ ఏమో, తిండి సరిగ్గా లేదేమో, వాటికి సాయం దొరికితే మందు దానంతట అదే తగ్గడం నేను చూశా. పూర్తిగా వీలుకాకపోతే తగ్గించడం, ఒక్క రోజులో ఎక్కువ తాగకపోవడం, కడుపు ఖాళీగా తాగకపోవడం, వీటి గురించి మాట్లాడటం తాగమని లైసెన్స్ ఇవ్వడం కాదు. "మానడమే మంచిదని నా సలహా మారలేదు, అది కుదరని రోజుల్లో ఇది" అని స్పష్టంగా అంటే చాలు.

భర్తని కూడా ఇందులోకి తేవాలి, ఆమె ఒప్పుకుంటేనే. ఫ్రిజ్‌లో సీసాలు పెట్టి ఎదురుగా కూర్చుని తాగుతూ ఆమెని మాత్రం మానమంటే ఎలా కుదురుతుంది, ఆయన కూడా ఈ తొమ్మిది నెలలు ఆపితే సగం బరువు దిగుతుంది. ఇంకో హద్దు కూడా గుర్తుంచుకోండి, పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్ళంతా ఇప్పటినుంచే మానాలి అన్నట్టు మాట్లాడొద్దు. 2016లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ, 2021లో డబ్ల్యూహెచ్‌ఓ డ్రాఫ్టు అలాంటి మాట రాసి బాగా విమర్శలు పడ్డాయి, ఆడమనిషిని ఎప్పుడో పుట్టబోయే బిడ్డని మోసే గిన్నెలా చూడటమే అది. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నామని చెప్పినవాళ్ళకి చెప్పండి, మిగతావాళ్ళకి అడిగితే చెప్పండి.

చివరగా వచ్చే విజిట్ డేట్ ఆమె గదిలో ఉండగానే ఖాయం చెయ్యండి. ఫోన్ ఆమె దగ్గరే ఉంటుందా, వేరే ఎవరైనా తీసి చూస్తారా అడిగి తెలుసుకుని, గుర్తు చేసే మెసేజ్‌లో మందు, కౌన్సెలింగ్ లాంటి మాటలేవీ లేకుండా "మంగళవారం చెకప్ ఉంది, రండి" అని మాత్రమే పెట్టండి. ఆ రోజు రాకపోతే మీరే ఫోన్ చెయ్యండి, ఎత్తగానే "ఎందుకు రాలేదు" అనకుండా "ఎలా ఉన్నారమ్మా" అని అడగండి.